సాహిత్యం, పర్యావరణం కలిపి చదవాలనుకుంటే: ఎంఏ సీటు నుంచి పీహెచ్‌డీ థీసిస్ దాకా

నా మొదటి సినాప్సిస్ (పీహెచ్‌డీ పరిశోధన ప్రతిపాదన) పేరు ‘ఆధునిక తెలుగు కవిత్వంలో ప్రకృతి’. కమిటీలో కూర్చున్న ఒక పెద్దాయన కాగితాలు పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడిగారు: “ఇందులో ఏ నది ఉందమ్మా?” నా దగ్గర జవాబు లేదు. వెన్నెల ఉంది, కోయిల ఉంది, వసంతం ఉంది. పేరున్న వాగు ఒక్కటీ లేదు. ఆ రోజు హాస్టల్‌కు ఏడుస్తూ వెళ్లాను. తర్వాత ఆరు నెలలు ఆ ప్రశ్న పట్టుకునే తిరిగాను. ఇప్పుడు ఈ దారిలోకి వస్తామంటున్న పిల్లలకు నేనూ మొదట అదే చెబుతున్నాను. సిద్ధాంతంతో మొదలుపెట్టకండి, పేరున్న ఒక చోటుతో మొదలుపెట్టండి.

మొదటి మెట్టు: ఇది ఏ చదువో తేల్చుకోండి

సాహిత్యంలో వర్ణించిన చెట్లూ పిట్టలూ లెక్కపెట్టడం ఈ చదువు కాదు. తెలుగులో ఇలాంటి థీసిస్‌లు చాలా వచ్చాయి: ఒక అధ్యాయంలో సూర్యోదయాలు, ఇంకో అధ్యాయంలో ఋతువులు. కష్టపడి చేసిన పనే, కానీ చివరికి జాబితాగానే మిగిలిపోతుంది. మనం అడగాల్సింది వేరు. ఈ రచనలో నీళ్లు ఎవరివి? ఈ పొలంలో చెమటోడ్చేది ఎవరు, దాన్ని చూసి మురిసిపోయేది ఎవరు? అడవి అన్న మాటకు రచయిత మనసులో ఉన్న అర్థమేమిటి, ఆ అడవిలో ఉండేవాళ్ల మనసులో ఉన్న అర్థమేమిటి?

ఆముక్తమాల్యదలో బాతుల పద్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. శ్రీవిల్లిపుత్తూరులో వరిమళ్ల మధ్య కాలువల్లో బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు మరిచిపోయిన పంచెల ముద్దలనుకుని కావలివాళ్లు వాటిని తెచ్చిద్దామని నీళ్లలోకి దిగుతారు. బాతులు చటుక్కున పారిపోతాయి. అది చూసి వరిచేలకు కాపలా ఉన్న ఆడవాళ్లు నవ్వుతారు. పరీక్షలో దీన్ని ప్రకృతి వర్ణన అని రాస్తే మార్కులు పడతాయి. మళ్లీ చదవండి. కాలువ తవ్విన నేల ఉంది, వరి ఉంది, చేను కాచే ఆడవాళ్ల పని ఉంది, రాత్రి కావలి ఉంది, రేవులో స్నానం చేసేదెవరన్న కులం సంగతీ ఉంది. రాసినవాడు చెరువులు తవ్వించిన రాజు. నాలుగు పాదాల్లో ఒక సాగునీటి వ్యవస్థ మొత్తం ఇమిడిపోయింది. ఈ చూపు అలవాటైతే సగం చదువు అయిపోయినట్టే.

రెండో మెట్టు: ఎంఏ ఎక్కడ, ఏ సబ్జెక్టులో

‘సాహిత్యం–పర్యావరణం’ అన్న బోర్డు పెట్టిన ఎంఏ కోసం వెతుకుతూ ఏడాది పోగొట్టుకోవద్దు. తెలుగు, ఇంగ్లీషు, తులనాత్మక సాహిత్యం, ఈ మూడింటిలో ఏది చదివినా ఎలక్టివ్‌లో, డిసర్టేషన్‌లో ఈ దారి పట్టవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఈ మూడూ ఉన్నాయి. అక్కడి పీజీ సీట్లకు సీయూఈటీ–పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ ఉన్నాయి. తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి నోటిఫికేషన్ మీరే చూసుకోండి, వాట్సాప్ ఫార్వర్డులు నమ్మకండి.

తెలుగా, ఇంగ్లీషా అని నన్ను ఎక్కువమంది అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ చోటు తెలుగు నేల అయితే తెలుగు ఎంఏ చేసి, ఇంగ్లీషులో సిద్ధాంతం చదివే ఓపిక తెచ్చుకోండి. ఇంగ్లీషు ఎంఏ చేసి పాత తెలుగు పద్యం విడగొట్టలేకపోవడం కన్నా ఇది మేలు. పద్యం చదవడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఒక సిద్ధాంత గ్రంథానికి నిఘంటువు పక్కన పెట్టుకుంటే రెండు నెలలు చాలు.

సీటు వచ్చాక డిపార్ట్‌మెంట్ గోడలు దాటండి. భూగోళశాస్త్రం, చరిత్ర, ఆంత్రోపాలజీ విభాగాల్లో తలా ఒక క్లాసులో కూర్చోనిస్తారేమో అడగండి. క్యాంపస్ బయట జరిగేదీ పాఠమే. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద గొడవ జరిగినప్పుడు, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించినప్పుడు, ఎన్నో నినాదాలు, పోస్టర్లు పుట్టాయి. వాటిని తేదీ వేసి దాచుకున్న విద్యార్థి చేతిలో రేపటి డిసర్టేషన్‌కు సరుకు ఉన్నట్టే.

మూడో మెట్టు: సిద్ధాంతం కొంచెమే, కానీ గట్టిగా

ఇంగ్లీషులో ‘ఎకోక్రిటిసిజం’ అన్న మాటను విలియం రూకర్ట్ 1978లో ఒక వ్యాసంలో వాడారు. 1990ల్లో అమెరికాలో అది ఒక రంగంగా స్థిరపడింది. 1992లో ఆస్లే అనే సంఘం ఏర్పడింది, 1996లో గ్లాట్‌ఫెల్టీ, ఫ్రామ్ సంపాదకత్వంలో తొలి పెద్ద వ్యాస సంకలనం వచ్చింది. తెలుగులో దీన్ని పర్యావరణ విమర్శ అంటున్నాం. చరిత్ర ఈమాత్రం తెలిస్తే చాలు.

గట్టిగా చదవాల్సింది ఏమిటంటే, 1989లో రామచంద్ర గుహ అమెరికన్ పర్యావరణవాదం మీద రాసిన విమర్శ. మనుషుల అలికిడి లేని అడవిని కాపాడుకోవడమే పర్యావరణం అనుకుంటే, పేద దేశాల్లో ఆ అడవి మీద బతికేవాళ్లను వెళ్లగొట్టడం దగ్గర తేలుతుందని ఆయన చెప్పారు. దాని తర్వాత రాబ్ నిక్సన్ 2011లో చెప్పిన ‘నెమ్మది హింస’ భావన చదవండి. పేలుడులాగా కనబడకుండా ఏళ్ల తరబడి ఒళ్లును, నేలను తినేసే నష్టం అది. నల్గొండ ఫ్లోరోసిస్ తెలిసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు అది ఆ రోజే వార్త అయింది. ఊరి బావి నీళ్లకు ఎముకలు వంగిపోవడం ఏ ఒక్క రోజు వార్తా కాదు. ఇలా కనబడని నష్టాన్ని కథ, పాట ఎలా కనబడేలా చేస్తాయన్నది మన రంగంలో చాలా విలువైన ప్రశ్న.

ఇంకో జాగ్రత్త. అక్కడి పుస్తకాల్లో పర్యావరణం ఎక్కువగా కొండ, అడవి. మన సాహిత్యంలో పర్యావరణం ఎక్కువగా పని. దుక్కి, నాటు, చెరువు పూడిక, బోరు, వలస. వాళ్ల కొలబద్ద తెచ్చి మన రచనలో ‘ప్రకృతి స్పృహ’ తక్కువుందని తేల్చే వ్యాసాలు చూస్తే నాకు బాధేస్తుంది.

నాలుగో మెట్టు: ఒక చోటు, ఒక రచన, ఒక ప్రశ్న

ఈ మెట్టు దగ్గర ఎంత సమయమైనా పెట్టండి. ఒక ఉదాహరణ పూర్తిగా నడిపి చూపిస్తాను.

విశ్వనాథ సత్యనారాయణ కిన్నెరసాని పాటలు తీసుకుందాం. అత్త మాటలు పడలేక ఇల్లు వదిలి అడవిలోకి పరుగెత్తిన కోడలు కరిగి వాగవుతుంది, వెంట వచ్చిన భర్త రాయైపోతాడు. ఆ వాగు చివరికి గోదావరిలో కలుస్తుంది. కిన్నెరసాని నిజంగా ఉన్న వాగు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అడవుల్లో పారి బూర్గంపాడు వైపు గోదావరిలో కలుస్తుంది. పాల్వంచ దగ్గర దాని మీద డ్యామ్ ఉంది. ఆ నీళ్లు కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి వెళ్తాయి. చుట్టూ అభయారణ్యం ఉంది. అది కోయల నేల.

మొదట పాటను పాటగా చదవండి. నోరారా చదవండి. వాగు నడక ఎక్కడ లయగా మారింది, ఎక్కడ తడబడింది, క్రియాపదాలు ఏవి? కిన్నెర నడకలు, కిన్నెర నృత్యం, గోదావరీ సంగమం అని విడివిడి భాగాలున్నాయి కదా, ఒక్కో భాగంలో నీటి చప్పుడు ఎలా మారిందో నోట్సు రాసుకోండి. ఈ పని చేయకుండా డ్యామ్ గురించి మాట్లాడితే అది సాహిత్య పరిశోధన అనిపించుకోదు.

తర్వాత ప్రశ్నలు పేర్చండి. స్త్రీ దుఃఖాన్ని నదిగా మార్చడంలో ఏది పెద్దదవుతోంది, స్త్రీయా, నదా? ఆ అడవిలో బతికే కోయలకు ఈ పాటలో చోటు ఎంత? అదే వాగు గురించి కోయ పాటల్లో, కథల్లో ఏముంది? 1960ల్లో వాగుకు ఆనకట్ట పడ్డాక ఇదే పాటను పాల్వంచలో చదివే పిల్లవాడికి ‘గోదావరీ సంగమం’ అంటే ఏమిటి? నాలుగింటిలో ఒకటే ఎంచుకోండి. ఎంఏ డిసర్టేషన్‌కు మొదటిది సరిపోతుంది. మూడోది పీహెచ్‌డీ, అదీ కోయ భాష కొంతైనా నేర్చుకునే దమ్ముంటేనే.

ఇలాంటి జతలు మన నేల మీద చాలా ఉన్నాయి. పల్నాడు రాళ్లు, జొన్నకూళ్లు, పాములు, తేళ్ల గురించి శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువు ఒకటి ఉంది. రాజాస్థానాల సన్నబియ్యం తిన్న కవి మెట్టనేలను చూసిన చూపు అది. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు వచ్చాక ఆ చాటువును పల్నాటి రైతు ఎలా చెప్పుకుంటున్నాడన్నది ఎవరైనా చేయదగ్గ పని. కొల్లేరు మీద అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ ఉంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఈ తేదీలు పక్కన పెట్టుకుని నవల చదివితే జ్ఞాపకం, చట్టం, బతుకుతెరువు మూడూ ఒకదానితో ఒకటి ఎలా పెనుగులాడతాయో తెలుస్తుంది. కానీ చేపల చెరువుల వాళ్లందరినీ దొంగలుగా చూపించి అధ్యాయం ముగించకండి. చిన్న కమతం లీజుకిచ్చి బతికే కుటుంబం కూడా ఆ గట్టు మీదే ఉంది.

ఐదో మెట్టు: కాగితాలు, కాళ్లు

కాగితాలతో మొదలుపెట్టండి. థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో మీ విషయం మీద ఇప్పటికే ఉన్న థీసిస్‌లు చూడండి. శీర్షిక చూసి భయపడకండి, లోపల అధ్యాయాలు చదివితే మీకు మిగిలిన చోటు కనబడుతుంది. పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం తప్పక వెళ్లండి. ముందే ఫోన్ చేసి, గైడ్ ఉత్తరం పట్టుకుని వెళ్తే పని తేలిక.

సాహిత్య విద్యార్థులు మరిచిపోయే కాగితాలు ఇంకొన్ని ఉన్నాయి. బ్రిటిష్ కాలపు జిల్లా గెజిటీర్లలో పంటలు, వరదలు, కరువుల వివరాలు దొరుకుతాయి. పాపికొండల వైపు పనిచేస్తే ఆంత్రోపాలజిస్టు ఫ్యూరర్–హైమన్‌డార్ఫ్ కొండరెడ్ల మీద 1945లో ప్రచురించిన పుస్తకం చూడాలి, ఆయన చూపును ప్రశ్నిస్తూనే. ప్రాజెక్టుల పర్యావరణ అనుమతుల కాగితాలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో ఉంటాయి. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో ఊరివాళ్లు మాట్లాడిన మాటల రికార్డు దొరికితే దాన్ని కథ చదివినంత శ్రద్ధగా చదవండి. ఇస్రో వాళ్ల భువన్‌లో, గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే చెరువు ఏ ఏడు ఎంత కుంచించుకుపోయిందో కంటికి కనబడుతుంది.

మాటల కోసం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం సంపాదించండి. మొత్తం వ్యవసాయ పదాలే. నాగలి భాగాలకు, నేలల రకాలకు, నీటి పారుదలకు జిల్లా జిల్లాకు ఉన్న మాటలు అందులో ఉన్నాయి. కథలో ఒక నేల పేరు వస్తే, అది ఎర్రదా నల్లదా, నీరు నిలుస్తుందా జారిపోతుందా అన్నది తెలియకుండా ఆ కథలోని కరువు అర్థం కాదు.

చెట్ల విషయంలోనూ ఇదే పట్టు కావాలి. కావ్యంలో పలాశం, కింశుకం అని వచ్చేది మన మోదుగే. సీతాఫలం, మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల కాలంలో వచ్చినవి. అందుకని ప్రాచీన కావ్యంలోని ‘కారం’ మిరపకాయ కారం కాదు, మిరియాలదీ అల్లానిదీ కావచ్చు. ఇవి చిన్న విషయాల్లా కనబడతాయి గానీ వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) ఒక్క తప్పు చెట్టు పేరు మొత్తం అధ్యాయం మీద నమ్మకం పోగొడుతుంది.

ఇక కాళ్లు. ఊరికి ఒకసారి వెళ్లి ఫొటోలు తీసుకుని వస్తే అది పర్యటన అవుతుంది గానీ ఫీల్డ్‌వర్క్ కాదు. ఎండాకాలం ఒకసారి, వాన పడ్డాక ఒకసారి, కోతలప్పుడు ఒకసారి వెళ్లండి. మొదటి రోజు రికార్డర్ బయటికి తీయకండి. “అమ్మా, ఈ పాట రాసుకోవచ్చా? మీ పేరు వేయమంటారా, వద్దంటారా?” అని అడగండి. వద్దంటే వేయకండి. ఏజెన్సీ ఊళ్లలో భూమి గురించి అడిగేటప్పుడు, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గురించి కనీస జ్ఞానం లేకుండా నోరు తెరవకండి. మీ ప్రశ్న వల్ల వాళ్లకు ఫారెస్టు వాళ్లతో ఇబ్బంది రాకూడదు. నేను ఒకసారి ఒక అవ్వ చెప్పిన పోడు (అడవి కొట్టి చేసే సాగు) సంగతి ఊరి పేరుతో సహా సెమినార్ పేపర్లో రాసేశాను. అచ్చు కాకముందే ఒక స్నేహితురాలు చూసి ఆపింది. ఆమె ఆపకపోతే ఆ అవ్వకు ఏమయ్యేదో అన్న భయం నాకు ఇప్పటికీ ఉంది.

ఆరో మెట్టు: నెట్, గైడ్, డబ్బు

పీజీ చేసి పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లకు పీజీలో 55 శాతం మార్కులు కావాలి. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. 2024 జూన్ నుంచి నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) ఫలితాలు మూడు రకాలుగా వస్తున్నాయి: జేఆర్ఎఫ్‌తో (పరిశోధనకిచ్చే ఫెలోషిప్‌తో), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. రెండో, మూడో రకాల వాళ్లకు ప్రవేశంలో నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ, ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. డబ్బు ఆలస్యమయ్యే నెలలుంటాయి, టెన్షన్ పడకుండా కనీసం మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు, మామూలుగా ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురే ఉండొచ్చు. కాబట్టి గైడ్‌ను కలిసే ముందు ఖాళీ ఉందా అని ఆఫీసులో అడగండి. పర్యావరణ విమర్శ చేసిన గైడే కావాలని పట్టుపట్టకండి. వారానికి ఒకసారి మీ పేజీలు చదివి మార్జిన్‌లో రాసే మనిషి దొరికితే, ఆయన విషయం ప్రబంధాలైనా సరే, ఆయన దగ్గరే చేరండి. పాత విద్యార్థుల్ని అడిగితే ఈ సంగతి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ 2022 నిబంధనలు థీసిస్ సమర్పించే ముందు వ్యాసం అచ్చు కావాలన్న షరతు తీసేశాయి. మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతుందేమో కనుక్కోండి. అడిగినా సరే, డబ్బు కట్టించుకుని వారంలో వేసే జర్నల్స్ జోలికి పోవద్దు.

ఏడో మెట్టు: రాయడం, వైవా

అధ్యాయాలను సిద్ధాంతం, నేపథ్యం, విశ్లేషణ, ముగింపు అని కొయ్యకండి. చోటును బట్టి కొయ్యండి. కిన్నెరసాని మీద అయితే పుట్టిన గుట్ట ఒక అధ్యాయం, అడవి ఒకటి, డ్యామ్ ఒకటి, సంగమం ఒకటి. సిద్ధాంతం అవసరమైన చోట వచ్చి పోతుంది. ప్రతి అధ్యాయం ఒక పద్యంతోనో పేరాతోనో మొదలవ్వాలి, గణాంకంతో కాదు. పొద్దున రెండు గంటలు రాయండి, మధ్యాహ్నం చదవండి. మూడో ఏడు ఫీల్డ్‌వర్క్ పెంచుకుంటూ పోయి రాతను వాయిదా వేసినవాళ్లు నాకు తెలిసి చాలామంది ఆగిపోయారు.

వైవాలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: “ఇది సాహిత్యమా, సోషియాలజీనా?” కంగారు పడకుండా మీ పుస్తకంలోంచి ఒక్క చరణం తీసి చదవండి. ఆ చరణంలో నీళ్లు ఎలా మాట్లాడాయో, అదే నీళ్లు ప్రాజెక్టు నివేదికలో ఎన్ని టీఎంసీలుగా మారాయో పక్కపక్కన చూపించండి. ఆ రెండు భాషల మధ్య తేడా మీద ఐదేళ్లు పనిచేశానని చెప్పండి.

డిగ్రీ వచ్చాక థీసిస్ కాపీ యూనివర్సిటీకి వెళ్తుంది, ఈ–కాపీ శోధ్‌గంగకు వెళ్తుంది. ఇంకో కాపీ బైండింగ్ చేయించి, పాటలు చెప్పిన ఊరి బడికో గ్రంథాలయానికో మీ చేత్తో ఇచ్చి రండి. పాడిన వాళ్ల గొంతు రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ల పిల్లలకు ఇవ్వండి. నేను ఆలస్యంగా వెళ్లాను. నాకు పాట చెప్పిన ముగ్గురిలో ఒకరు అప్పటికే లేరు, ఆమె కూతురు ఫోన్లో ఆ గొంతు విని, మళ్లీ పెట్టమని అడిగింది.